నాయన ఉడికించిన నాలుగు టైర్లు

నాయన పోయిన నెలకు చిత్తూరులోని షెడ్డు ఖాళీ చేశాం. బాయిలరు, ఛాంబరు, టైర్లు గీకే మిషను పలమనేరు నుంచి వచ్చిన ఒకాయన కొనుక్కున్నాడు. ఆయన మనుషులు ఛాంబరును తాళ్లతో లారీ ఎక్కిస్తుంటే నేను నాయన బల్ల సొరుగు సర్దుతున్నాను. పసుపు సుద్దముక్కలు, ఒక కాడ విరిగిన కళ్లజోడు, తాళంచెవులు లేని రెండు బీగాలు. వాటన్నిటి కింద మెత్తటి గుడ్డలో చుట్టిన గేజీ. చూడడానికి అరచేతిలో పట్టేంత గడియారంలా ఉంటుంది. కింద ఒక చిన్న మొన. దాన్ని రబ్బరు మీద ఆనించి నొక్కితే రబ్బరు ఎంత గట్టిగా ఉందో పైన ముల్లు చూపిస్తుంది.

"ఇది కూడా మిషన్లతో చేరిందే గదమ్మా?" అన్నాడు కొన్నాయన.

"కాదు," అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా అన్నట్టున్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నాయన ఆ గేజీ కొన్నది నా వల్ల. అది షెడ్డులోకి వచ్చాక ఆయన అప్పటిదాకా నమ్ముకున్న ఇంకొకదాన్ని వాడడం మానేశాడు. దాని గురించి రాయాలంటే నేను కార్టు నడిపిన రోజుల గురించి రాయాలి. ఇప్పుడు నేను తిరుపతిలో ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు చూసుకుంటాను. అక్కడ ఎవరికీ నేను ఒకప్పుడు రేసు బండి నడిపానని తెలియదు.

మాది అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే షెడ్డు. ఇల్లు షెడ్డు వెనకే. గుండైపోయిన లారీ టైరు వస్తే నాయన పైపొర గీకి, సొల్యూషన్ పూసి, పచ్చి రబ్బరు పట్టీ చుట్టి ఛాంబర్లో పెట్టేవాడు. ఛాంబరంటే మూత ఉన్న పెద్ద ఇనప పీపా. లోపలి ఆవిరికి పచ్చి రబ్బరు గట్టిపడి పాత టైరుకు అతుక్కుంటుంది. మా ఇంట్లో దాన్ని ఉడకడం అనేవాళ్లం. పొద్దున్నే బాయిలరు కింద కట్టెలు అంటుకునేవి, కాసేపటికి వంటింట్లో పొయ్యి అంటుకునేది. రెండు పొగలూ పెరట్లో కలిసేవి. నా బడి బట్టలకు, పుస్తకాలకు, తలకు పెట్టుకున్న పూలకు కూడా రబ్బరు వాసన ఉండేది. బళ్లో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ వాసన లేనిచోట ఏదో తక్కువైనట్టు ఉండేది.

నాయన కుడిచేతి బొటనవేలి గోరును మిగతా గోళ్లకంటే కొంచెం పెంచేవాడు. దాన్ని బ్లేడుతో కత్తిరించేవాడు కాదు. ఆదివారం స్నానానికి ముందు బండ మీద రుద్ది సమం చేసుకునేవాడు. ఛాంబర్లోంచి తీసిన టైరు చల్లారాక ఆ గోరు దిగేలా నొక్కి, తీసి, మూడు లెక్కపెట్టేవాడు. మూడు లోపల గుర్తు మాసిపోతే రబ్బరు ఉడికినట్టు. నిలిచిందంటే పచ్చిగా ఉన్నట్టు, మళ్లీ లోపలికి. లారీ డ్రైవర్లు టైరు చూసేవాళ్లు కాదు, ఆయన ముఖం చూసేవాళ్లు. "మునిరత్నమన్న ఏలు పెట్టినాడంటే మద్రాసు పోయి రావొచ్చు," అనేవాళ్లు. ఆ వేలు షెడ్డుతో ఆగేది కాదు. మామిడిపండు తొడిమ దగ్గర, కొత్తగా పూసిన గోడ మీద, జ్వరమొస్తే నా నుదుటి మీద, అన్నిచోట్లా అదే. అమ్మ కూడా అలాంటిదే. సంగటి గెలికాక చెయ్యి తడి చేసుకుని ముద్దను తట్టేది. చేతికి అంటుకుంటే ఇంకా ఉడకలేదని మళ్లీ మూత పెట్టేది. మా ఇంట్లో గడియారం చూసి దేన్నీ దించేవాళ్లు కాదు.

నేను డిగ్రీలో చేరిన ఏడు పుత్తూరు దాటాక మద్రాసు రోడ్డు పక్కన ఒకాయన కార్టుల ట్రాకు వేశాడు. కార్టు అంటే పైకప్పు లేని, స్ప్రింగులు లేని చిన్న బండి. దాంట్లో కూర్చుంటే నేలకూ మనకూ మధ్య జానెడు కూడా ఉండదు. ట్రాకు అంచుల్లో పేర్చడానికి పనికిరాని లారీ టైర్లు కావాలని ఆయన నాయనను అడిగాడు. లోడు దించేటప్పుడు తోడుగా మా లారీలో నేనూ వెళ్లాను. సెలవుల్లో అలా నాలుగైదు సార్లు వెళ్లాను. రెండోసారి వెళ్లినప్పుడు అక్కడి మెకానిక్కు సెల్వం, అరక్కోణం మనిషి, ఊరికే చూస్తున్న నన్ను పిలిచి అద్దె బండిలో కూర్చోబెట్టాడు. నేను రెండు చుట్లు తోలి దిగేసరికి వాచీ చూసుకుని, "ఈ పాపకు ఎవురు నేర్పించినారు?" అని నాయనను అడిగాడు. "ఎవురూ నేర్పలా. మా లారీ క్యాబిన్లో కూసుని రోడ్డు సూస్తా ఉంటాది, అంతే," అన్నాడు నాయన. ఆ రోజు ఇంటికొచ్చేదాకా దారంతా హారన్ ఎక్కువగా కొట్టాడు. అమ్మకు చెబితే, "ఏంది మే, అది కారా, ముక్కాలిపీటకు చక్రాలు పెట్టినారా?" అంది గానీ వద్దనలేదు.

తర్వాత కొన్ని నెలలకు అక్కడ కొత్తవాళ్ల కోసం ఒక పోటీ పెట్టారు. పన్నెండు మందిమి. మొదటి ముగ్గురికి మద్రాసు జట్టులో ఒక ఏడాది బండి, శిక్షణ ఇస్తారు. నాలుగో స్థానం వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లడమే. మాలాంటి ఇంట్లో సొంత కార్టు మాట ఎవరూ ఎత్తరు. అంటే నాకు ఆ ఒక్క ఆదివారమే ఉంది. అది నాకు తెలుసు, నాయనకూ తెలుసు. అందరికీ బండ్లు ఒకటే రకం. తేడా రాగలిగేది టైర్లలోనే. వారం ముందు ఒక్కొక్కరికి నాలుగు కొత్త టైర్లు, ఇంగ్లీషులో అచ్చువేసిన ఒక కాగితం ఇచ్చి, వీటిని ఎవరికి వాళ్లు సిద్ధం చేసుకుని తెచ్చుకోవాలన్నారు. తెచ్చాక తనిఖీ ఆయన పక్కల మీద తెల్ల పెయింటుతో గుర్తు వేస్తాడు. ఆ గుర్తున్న నాలుగే వాడాలి. రసాయనాలు పూయకూడదు.

నాయన ఆ టైర్లను చూసి మొదట నవ్వాడు. వాటికి గాట్లు లేవు. ఆయన లెక్కలో గాట్లు లేని టైరంటే చచ్చిపోయి ఆయన దగ్గరికి వచ్చే టైరు. "కొత్త టైరే గుండు కొట్టించుకుని వస్తాదా? తిరపతికి పోయొచ్చినట్టుండాదే!" అన్నాడు. తర్వాత గోరు దించి నొక్కి, తీసి, లెక్కపెట్టాడు. మూడయింది. అయిదయింది. గుర్తు అలాగే ఉంది. అరచేత్తో రుద్దితే చేతికి కొంచెం అంటుకుంది. ఆయన నవ్వు పోయింది. నాలుగు టైర్లనూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కి చూశాడు. వాటిని గోడకు ఆనించి పెట్టి లోపలికి వచ్చాడు.

మరుసటి రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి బాయిలరు మండుతోంది. షెడ్డులో వేరే పని లేదు. ఛాంబరు మూత బిగించి ఉంది. నాయన స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"అవి పచ్చివి పాపా. కంపెనీవాడు సగం ఉడకబెట్టి పంపించినాడు. ఇప్పుడే ఎక్కించినా. సన్న సెగ మీద కొంచేపు పెడితే సరిపోతాది," అన్నాడు. ఆయన గొంతులో గర్వం లేదు, జాగ్రత్త ఉంది. మిగతా పదకొండు మందికి తెలియనిది తన కూతురికి చేస్తున్నాననుకున్నాడు. "ఆ కాగితంలో ఏం రాసినారో సూడు."

నేను సంచిలోంచి కాగితం తీశాను. మొదటి సగం గాలి గురించి, కొత్త టైర్లతో మొదట నాలుగు చుట్లు నెమ్మదిగా తిరగాలని. రెండో సగం వేడి గురించి. ఈ టైర్లు మెత్తగా ఉండడానికే చేసినవి, ఆ మెత్తదనమే నేలను పట్టుకుంటుంది, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంత గట్టిపడతాయి, అందుకే ఎండలో కూడా పెట్టొద్దు, కవరు చుట్టి నీడన ఉంచండి అని రాసి ఉంది. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. తలెత్తి ఛాంబరు వైపు చూశాను. మూత అంచునుంచి ఆవిరి ఇంకా సరిగ్గా రావడం లేదు.

"ఏం రాసినారు?"

"గాలి ఎంత పెట్టాలో రాసుండారు నాయనా. మొదట మెల్లగా తిప్పమన్నారు."

"అంతేనా?"

"అంతే."

ఎందుకు చెప్పలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆయన చిన్నబోతాడని అని ఒక కారణం చెప్పుకుంటాను. అది నిజమే గానీ చిన్న నిజం. అసలు కారణం, ఆ నిమిషంలో నేను అచ్చు అక్షరం కంటే ఆయన వేలినే ఎక్కువ నమ్మాను. పద్దెనిమిదేళ్లు ఆ వేలు తప్పడం నేను చూడలేదు. కాగితం రాసినవాడికి ఏం తెలుసు అనుకున్నాను. గంటన్నర తర్వాత మూత తీస్తే టైర్లు నల్లగా మెరుస్తున్నాయి. చల్లారాక నాయన గోరు దించాడు. రెండుకే గుర్తు మాసిపోయింది. "ఇప్పుడు ఉడికినాయి," అన్నాడు. అమ్మ వంటింటి గడపలో నిలబడి, "మాడు వాసన వస్తా ఉండాదే," అంది. "నీ సంగటి సూసుకో పో," అన్నాడు నాయన. ఆమె లోపలికి పోయింది. కానీ ఇల్లంతా ఆ వాసన పీల్చుకుంటూ తిరిగింది.

ఆ తర్వాతి అయిదు రోజులు నాయన భోజనానికి వెళ్లినప్పుడు షెడ్డులోకి వెళ్లి నా గోరుతో ఆ టైర్లను నొక్కి చూసేదాన్ని. గోరు దిగేది కాదు. చెబుదామని రోజూ అనుకునేదాన్ని. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. అప్పటికి తప్పు ఒకటి కాదు, రెండు అయ్యాయి. శనివారం సాయంత్రం ఆయన వాటిని తన ఉతికిన పంచెలో చుట్టి కట్టాడు. వేరే టైరుకు ఆ మర్యాద చేయడం నేను చూడలేదు.

ఆదివారం తెల్లవారగానే అమ్మ సంగటి ముద్దలు, ఊరిబిండి పచ్చడి కట్టి ఇచ్చింది. లారీలో పుత్తూరు దాటి ట్రాకు చేరేసరికి ఎండ వచ్చింది. తనిఖీ ఆయన పొట్టిగా, తెల్ల టోపీతో, రిటైరైన మాస్టారిలా ఉన్నాడు. ఒక్కో టైరు మీదికి వంగి వాసన చూసి, ఏ మందూ పూయలేదని తేల్చుకుని పెయింటు గుర్తు వేశాడు. మావి వాసన చూసినప్పుడు కొంచెం ఆగి నా ముఖం చూశాడు. తర్వాత గుర్తు వేసేశాడు. ఇక ఆ నాలుగే.

పోటీకి ముందు పది చుట్లు తిరిగి చూసుకోనిస్తారు. మొదటి మలుపులోనే నాకు అర్థమైంది. స్టీరింగు తిప్పాను, చక్రాలు తిరిగాయి, బండి మాత్రం తిన్నగానే పోయింది. సబ్బు నీళ్లు పోసిన బండల మీద కాలు పెట్టినట్టుంది. రెండో మలుపులో వెనక భాగం నన్ను దాటి ముందుకు వచ్చింది. నాయన తెచ్చి పేర్చిన లారీ టైర్లే నన్ను ఆపాయి. బండి అడ్డంగా తిరిగి ఆగిపోతే మిగతావాళ్లు నా రెండు పక్కలనుంచీ వెళ్లిపోయారు. వేడెక్కితే పట్టు వస్తుందేమోనని చూశాను. అయిదో చుట్టు, ఏడో చుట్టు. రాలేదు. పదో చుట్టు అయ్యేసరికి అందరికంటే వెనక ఉన్నాను.

"భయపడినావా పాపా?" అన్నాడు నాయన. హెల్మెట్ తీస్తూ నేను తల అడ్డంగా ఊపాను.

సెల్వం వచ్చి జేబులోంచి గేజీ తీసి టైరు మీద పెట్టాడు. పక్కబండి టైరు మీద పెట్టి చూసి మళ్లీ మా దాని మీద పెట్టాడు. "ఎన్నన్నా, ఏంది ఇది? రాయి మాదిరి ఉండాదే!"

నాయన ముఖం విచ్చుకుంది. "ఉండాల గదప్పా మరి!"

"కొత్తవేనా ఇవి? ఏం సేసినారన్నా?"

"ఏం సెయ్యలా. పచ్చిగా ఉంటే కొంచిం ఉడకబెట్టినా."

సెల్వం చెడ్డవాడు కాదు. ఆపుకోలేకపోయాడు, అంతే. నవ్వాడు. "డేయ్, టైరును ఇడ్లీ మాదిరి ఉడకబెట్టినాడంట!" అని పక్క మెకానిక్కుకు చెప్పాడు. అటు నలుగురు తిరిగి చూశారు. నాయనకు ఇంకా అర్థం కాలేదు. వాళ్లతో పాటు కొంచెం నవ్వాడు కూడా. ఆ నవ్వు చూశాక సెల్వమే నవ్వడం ఆపి, వెనకనుంచి ఒక చిన్న డబ్బా తెచ్చాడు. గొంతు తగ్గించి, "ఇది తుడిస్తే మెత్తబడతాదన్నా. తనికీ అయిపోయింది గదా, ఇంక ఎవురూ వాసన సూడరు. ఇద్దరు ముగ్గురు ఇప్పుడే తుడుసుకున్నారు," అన్నాడు.

"మెత్తబడాల్నా? ఎందుకు మెత్తబడాల?" అని నాయన నా వైపు తిరిగాడు. చదువుకున్నది నేనే కదా.

పోటీకి నలభై నిమిషాలుంది. చుట్టూ మనుషులున్నారు. పక్కకు పిలిచి చెప్పొచ్చు. ఆ తెలివి నాకు అప్పుడు రాలేదు.

"మెత్తగానే ఉండాల నాయనా. అవి అట్లే చేసింటారు. వేడి తగిలితే చెడిపోతాయని కాగితంలో రాసుండాది. నేను ఆ పొద్దే సదివినా."

"ఏ పొద్దు?"

"నువ్వు ఛాంబర్లో పెట్టిన పొద్దు."

ఆయనకు కోపం రాలేదు. కాసేపు లెక్క వేసుకున్నట్టు నిలబడ్డాడు. "నేను ఎక్కించి ఎంత సేపయింది అప్పటికి?"

"ఇప్పుడే ఎక్కించినా అన్నావు."

"అయితే ఆవిరి కూడా నిండలా," అన్నాడు మెల్లగా. "తీసేసుందును గదా."

అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఆ రోజు గానీ తర్వాత గానీ. బొటనవేలిని చొక్కాకు తుడుచుకున్నాడు, దానికి ఏమీ అంటకపోయినా. తర్వాత సెల్వం వైపు తిరిగి పనివాడు పనివాణ్ని అడిగినట్టు అడిగాడు. "పైన మాత్రమే గట్టిబడింటాదా, లోపల కూడానా?"

"నాకెట్ల తెలుస్తాదన్నా? టైరును ఉడకబెట్టినోణ్ని ఈ పొద్దే సూస్తా ఉండా."

"సన్న సెగే పెట్టినా. పైపొరే అయ్యుంటాది. అడుగంటిన సంగటి మాదిరి. మాడింది గీకేస్తే మిగిలింది బాగుంటాది." డబ్బాను వెనక్కి తోశాడు. "ఇది వద్దప్పా. ఇది పూస్తే ఏమయితాదో నాకు తెలీదు. గీకేది తెలుసు."

తనిఖీ ఆయన్ను అడిగితే, "నా గుర్తు చెరగకూడదు. గీక్కుంటారో కొరుక్కుంటారో మీ ఇష్టం," అన్నాడు. నాయన లారీలోంచి తన గీకుడు అరం, రబ్బరు గీకే పెద్ద ఆకురాయి, తెచ్చాడు. బండిని స్టాండు మీదికి ఎత్తారు. "ఎక్కువ ఏ పక్కకు తిరుగుతావు?" అన్నాడు. కుడికి ఎనిమిది మలుపులు, ఎడమకు రెండు అన్నాను. "అయితే బరువు ఎడమ టైర్ల మీద పడతాది. ముందు అవి."

సెల్వం ఇంజను ఆడించి వెనక చక్రం తిరిగేలా చేశాడు. తిరుగుతున్న టైరుకు నాయన అరం ఆనించాడు. ఒక చోట ఎక్కువ తగిలితే టైరు గుండ్రదనం పోతుంది. ఆయన భుజాలు కదలలేదు, చేతులు మాత్రం అంచునుంచి అంచుకు ఒకే తీరుగా వెళ్లి వచ్చాయి. నల్లటి పొడి ఆయన ముంజేతుల మీద, నా బూట్ల మీద పడింది. మొదట మాడు వాసన వచ్చింది. కొంతసేపటికి వాసన మారింది. అది చిన్నప్పటినుంచీ నాకు తెలిసిన తియ్యటి వాసన, పచ్చి రబ్బరుది. నాయనకూ తెలిసింది. అరం తీసి, చక్రం ఆగాక అలవాటుగా కుడి బొటనవేలు చాచాడు. రబ్బరుకు అంగుళం దూరంలో ఆ వేలు ఆగింది. దాన్ని మడిచేసుకున్నాడు.

"మిషను పెట్టి సూడప్పా," అన్నాడు సెల్వంతో.

సెల్వం గేజీ పెట్టాడు. "వస్తా ఉండాదన్నా, ఇంకొంచిం."

ముందు చక్రాలను ఇంజను తిప్పదు. వాటిని నేను చేత్తో తిప్పాను. నేను మోకాళ్ల మీద కూర్చుని తిప్పుతున్నాను, ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని గీకుతున్నాడు. మా తలలు దాదాపు తగులుతున్నాయి. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. "నిదానంగా తిప్పు," అన్నాడు ఆయన. అదొక్కటే మాట. ప్రతి రెండు నిమిషాలకూ తల తిప్పి, "మిషను పెట్టి సూడప్పా," అనేవాడు. ఎడమవి రెండూ అయ్యాయి. కుడి వెనకది అయింది. కుడి ముందుది సగంలో ఉండగా విజిల్ వేశారు.

"ఎడమ మలుపుల్లో దీన్ని నమ్మొద్దు," అన్నాడు అరం కింద పెడుతూ.

చీటీలు తీసి వరుస పెట్టారు. నాకు ఏడో చోటు వచ్చింది. పదిహేను చుట్లు. మొదటి కుడి మలుపులో స్టీరింగు తిప్పాను. బండి తిరిగింది. ఆ ఒక్క క్షణం ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. నాలుగో చుట్టుకు ఇద్దరిని దాటాను. ఎడమ మలుపులు రెండింటిలో మాత్రం ముందే వేగం తగ్గించి, ముసలిదానిలా మెల్లగా వెళ్లేదాన్ని. అక్కడ ప్రతిసారీ వెనకవాడు నా మీదికి వచ్చేవాడు, కుడి మలుపు రాగానే వెనకపడేవాడు. పదో చుట్టు దాటాక ముందున్న ఇద్దరి బండ్లు జారడం మొదలైంది. వాళ్ల టైర్ల మీద పొరలు లేచిపోతున్నాయి. డబ్బాలోది పూసినందుకో, బాగా తోలడం రాకో నాకు తెలియదు. ఒకడు గడ్డిలోకి పోయాడు. ఇంకొకణ్ని పదమూడో చుట్టులో దాటాను. అప్పుడు నేను మూడోదాన్ని. చివరి చుట్టు చివరి ఎడమ మలుపులో కుడి ముందు చక్రం జారింది. జారుతుందని తెలుసు కాబట్టి స్టీరింగుతో పోట్లాడలేదు. వెనకవాడి ముందు చక్రం నా మోచేతి పక్కకు వచ్చింది. ముగింపు జెండా దాటేటప్పటికి అది ఇంకా అక్కడే ఉంది, నాకంటే మూరెడు వెనక.

సెల్వం ఎగురుతున్నాడు. నాయన జెండా వైపు చూడడం లేదు. నేను ఆగగానే వచ్చి కుడి ముందు టైరు దగ్గర కూర్చున్నాడు. సగం గీకిన చోట రబ్బరు రెండు రంగులుగా ఉంది. "గెలిసినావు పాపా," అన్నాడు, దాన్నే చూస్తూ. తిరుగు దారిలో హారన్ ఒక్కసారి కూడా కొట్టలేదు. ఇంటికి వచ్చాక అమ్మ అడిగితే, "మూడోది. బాగా తోలింది. నేనే టైర్లు చెడగొట్టినా, ఏలును నమ్మి," అన్నాడు. నేను కాగితం దాచిన సంగతి ఆమెకు చెప్పలేదు. తప్పంతా తన వేలి మీద వేసుకున్నాడు. నేను పక్కనే ఉండి కాళ్లు కడుక్కుంటున్నాను.

జట్టులో ఏడాది నడిపాను. మధ్యలో ఉండేదాన్ని, మరీ ముందూ కాదు, మరీ వెనకా కాదు. ఏడాది అయ్యాక వదిలేసి చదువుకున్నాను. దానికి బాధ లేదు. బాధ ఇంకోచోట. పోటీ అయిన నెలలోనే నాయన సెల్వం చేత మద్రాసునుంచి అలాంటి గేజీ ఒకటి తెప్పించుకున్నాడు. లారీ టైర్లకు దాని అవసరం లేదు. అంతకుముందు ఇరవై ఏళ్లు లేకుండానే నడిచింది. "ఏం మునిరత్నమన్నా, డాక్టరు మాదిరి మిషను పెట్టి సూస్తా ఉండావు? ఏలు యాడికి పోయింది?" అని డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్లు. "ఏలు నమ్మకూడదప్పా," అనేవాడు. మామిడిపండ్లు కొనేటప్పుడు అమ్మను ముందుకు తోసేవాడు. నేను పెళ్లయ్యాక జ్వరంతో ఇంటికి వస్తే థర్మామీటరు తెమ్మన్నాడు. గోరు అన్ని గోళ్లలాగే కత్తిరించుకునేవాడు. అమ్మ ఒకసారి కోపంతో, "పచ్చిదో పండుదో కూడా మిషన్నే అడుగు, రేపు నన్ను కూడా దాంతోనే నొక్కి సూడు," అంది. ఆయన నవ్వాడు.

నేను ఆ రోజు చెప్పింది సరైనదే. కాగితంలో రాసింది సరైనదే. ఇప్పుడు నా చుట్టూ వేల పుస్తకాలున్నాయి, వాటిలో చాలావరకు సరైనవే. అప్పుడు మా ఇంట్లో కాగితాలు తక్కువ, వేళ్లు ఎక్కువ. ఇప్పుడు నా ఇంట్లో బియ్యం కడగడానికి కూడా కొలత గ్లాసు ఉంది, నేను ఉడికిందో లేదో విజిళ్లు లెక్కపెట్టి దించుతాను. దీనివల్ల ఏదీ మాడిపోలేదు. అయినా ఇరవై ఏళ్లకు పైగా నిలిచిన ఒక మనిషి నమ్మకం ఒక్క తప్పుకు పోవాల్సింది కాదనిపిస్తుంది. ఆ తప్పులో సగం నాదని ఒక్కసారి గట్టిగా అని ఉంటే పోయేది కాదేమో. ప్రతి ఏడూ ఏదో ఒక పండక్కి చిత్తూరు వెళ్లేటప్పుడు బస్సులో ఆ మాట సిద్ధం చేసుకునేదాన్ని. షెడ్డు కనబడగానే మింగేసేదాన్ని.

పోయిన వేసవిలో నాయన కాళ్లు వాచాయి. తిరుపతి తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాను. గుండె బలం తగ్గిందన్నారు. మధ్యాహ్నం ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి ఆయన పంచె కొంచెం పైకి జరిపి, మోకాలి కింద ఎముక మీద తన బొటనవేలితో గట్టిగా నొక్కింది. తీసింది. అక్కడ గుంత పడింది. ఆమె దాన్ని చూస్తూ నిలబడింది, పెదవులు కదలకుండా లెక్కపెడుతున్నట్టు. కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయింది. నాయన తల దిండు మీదినుంచి లేపి ఆమె వెళ్లిన వైపే చూశాడు.

"ఆ పాపకు మిషను లేదా?"

"లేదు నాయనా. దీనికి ఏలే."

"ఇంత పెద్ద ఆస్పత్రిలో?"

"ఎంత పెద్ద ఆస్పత్రిలో అయినా."

ఆయన చాలాసేపు కాలు చూసుకున్నాడు. "ఆ పొద్దు నేను చెప్పాల్సింది నాయనా," అన్నాను. ఏ పొద్దు అని అడగలేదు. "సెప్పుంటే బాగుండె," అన్నాడు. నన్ను క్షమించినట్టు కాదు, నింద వేసినట్టూ కాదు. టైరు గురించి చెప్పినట్టు చెప్పాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని లేచి కూర్చుని, ముందుకు వంగి, సూది గుచ్చిన కుడిచేతిని మెల్లగా చాచాడు. బొటనవేలిని కాలి మీద పెట్టి నొక్కాడు. బలం చాలలేదు. ఆయన వేలి మీద నా వేలు పెట్టాను. ఇద్దరం కలిసి నొక్కి తీశాం.

"ఒకటి," అన్నాడు. "రెండు. మూడు."

గుంత అలాగే ఉంది.

"పచ్చిగానే ఉండాది పాపా," అన్నాడు. ఆ తర్వాత లెక్కపెట్టలేదు. అది నిండేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.